మబ్బుల అద్దం మీద మిరప దుమ్ము

ఈ ఉద్యోగంలోకి కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. "మీ రోజుల్లో అసలు పనేముండేదండీ?" అని అడుగుతారు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడుగుతారు. "ఆకాశం కేసి చూసేవాళ్లం నాయనా" అంటే నవ్వుతారు. నవ్వినా నేను చెప్పింది నిజమే. జీతం తీసుకుని ఆకాశం కేసి చూసిన మనుషులం మేము. మా మామగారు నా ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పలేక, "గవర్నమెంటులో ఏదో చూత్తంటాడు" అని తప్పించుకునేవారు. పాపం, ఆయనకు తెలియకుండానే సరిగ్గా చెప్పారు.

ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయింది, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారు అన్న గొడవలు ఇక్కడ రాయను. అవి నాకే విసుగు. మూర్తిగారనే మా పైఅధికారి గురించి, ఒక కెమెరా గురించి, మా కంచె పక్కనుండే ఒక మిరప కల్లం గురించి రాస్తాను. పని గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మూడింటి మధ్యే జరిగింది.

ఎనిమిది వంతుల ఆకాశం

మా వాతావరణ కేంద్రం దర్శి వెళ్లే రోడ్డు పక్కన, ఒక వ్యవసాయ క్షేత్రంలో ఓ మూల ఉండేది. తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్లు, వాన కొలిచే పాత్ర, గాలి దిక్కు చూపే బాణం, రెండు గదుల ఆఫీసు. చుట్టూ ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. తొంభైల చివర్లో నేను అక్కడికి వెళ్లేసరికి అన్నీ చేత్తోనే, కంటితోనే.

థర్మామీటరు చదవడం ఎవరికైనా వస్తుంది. మబ్బు చదవడమే కష్టం. ఆకాశాన్ని మనసులో ఎనిమిది వంతులు చేసుకుని, అందులో ఎన్ని వంతులు మబ్బు కమ్మిందో చెప్పాలి. అంచుల్లో మబ్బులు ఒకదాని వెనక ఒకటి నక్కి, మధ్య సందులు కనపడనీయవు. కొత్తవాళ్లంతా అక్కడే మోసపోయి ఎక్కువ చెబుతారు. నేనూ చెప్పాను. మూర్తిగారు నన్ను మధ్యాహ్నం ఎండలో గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇప్పుడు చెప్పు, ఎన్ని వంతులు?" అని తలదగ్గర నిలబడి అడిగేవారు. దారినపోయే కూలీలు నాకేదో ఫిట్స్ వచ్చిందనుకుని పరిగెత్తుకొచ్చారొకసారి.

మాకొక నల్లద్దం ఉండేది. మూడు కాళ్ల పీట మీద గుండ్రటి నల్లటి గాజు, దాని మీద దిక్కుల గీతలు. అందులో మబ్బు నీడను పట్టుకుని, అది ఏ గీత దాటి ఏ గీత వైపు పోతోందో చూస్తే దాని దారి తెలిసిపోతుంది. కింద గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంటే పైన మబ్బు నల్లమల వైపు నుంచి వస్తుండొచ్చు. కింద గాలిని నమ్మి పైమబ్బు గురించి చెప్పినవాడి నోట్లో దుమ్మే.

"మబ్బును చూడటం గొప్ప కాదురా ప్రసాదూ, గొడ్లు కాసేవాడూ చూస్తాడు. దాని నడక చూడు. నడవనిది మబ్బే కాదు" అనేవారు మూర్తిగారు. ఈ మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మంచివాడే కానీ ముక్కుమీద కోపం. ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముతో పాటే తిట్టేవారు. నా మొదటి బాసు ఆయనే కావడం నా అదృష్టమని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం వారానికోసారి రాజీనామా రాసి చింపేసేవాణ్ణి.

పాలతెర

మిరపకాయ కోశాక కల్లంలో ఆరబోస్తారు. ఎర్రటి తివాచీ పరిచినట్టు ఎకరాల కొద్దీ కాయ. సగం ఆరిన కాయ మీద వాన పడితే రైతు పని అయిపోయినట్టే. అందుకని మబ్బేస్తే కుప్పలు చేసి పరదాలు కప్పుతారు. అలాగని ఊరికే కప్పినా చిక్కే. ఎండవేళ తడి కాయ పరదా కింద మగ్గితే చెమట పట్టి, రంగు చెడి, తెల్లబడిపోతుంది. తాలు కాయ అంటారు. మార్కెట్ యార్డులో తాలు కాయకు మర్యాద ఉండదు. కప్పినా భయమే, కప్పకపోయినా భయమే. ఆ రెండు భయాల మధ్య మా మాట కోసం చూసేవాళ్లు.

ఒక ఏడు మిరప ఆరబోసిన రోజుల్లో మూర్తిగారు పొద్దున్నే సూర్యుడికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "పాలతెర వచ్చింది. కప్పుకోమని చెప్పు" అన్నారు. బాగా ఎత్తున మీగడలా పరుచుకునే పల్చటి మబ్బును ఆయన అలా అనేవారు. నాకేమీ కనపడలేదు. రైతులకూ కనపడలేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. కొందరు నమ్మి కప్పారు, కొందరు నవ్వి వదిలేశారు. మర్నాటికి ఆ కనపడని తెరే ముదిరి, నల్లబడి, కుంభవృష్టి కురిసింది. నవ్వినవాళ్ల కాయ కాలువలో కొట్టుకుపోయింది.

నమ్మినవాళ్లలో కోటేశ్వరమ్మ ఒకావిడ. భర్త పోయాక కౌలుకు తీసుకుని సేద్యం తనే చేసేది. ఆవిడ కల్లం సరిగ్గా మా కంచె పక్కనే. ఆ వాన తర్వాత రోజూ పొద్దున కంచె దగ్గరికొచ్చి, "సారూ! ఇయ్యాల ఎట్టా ఉందండీ పైన?" అని కేకేసేది. మూర్తిగారు చెప్పిందాకా కదిలేది కాదు. పైన అంటే ఆవిడకు ఆకాశం కాదు, మూర్తిగారి కన్ను. మాకు ఇంతకంటే గౌరవం ఏ బాసూ ఇవ్వలేదు.

డబ్బా

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో హైదరాబాదు నుంచి ఒక యంత్రం వచ్చింది. దాంతోపాటు సుజాత అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. యంత్రమంటే ఏమీ లేదు, బోర్లించిన గిన్నెలాంటి ఒక పెద్ద అద్దం, దాని పైన కమ్మీకి బిగించి కిందికి చూసే కెమెరా. ఆకాశమంతా ఆ అద్దంలో పడుతుంది. కెమెరా మాటిమాటికీ ఫొటో తీస్తుంది. లోపల కంప్యూటరు ఎంత మబ్బుందో లెక్కగట్టి, ఒక ఫొటోకూ తర్వాత ఫొటోకూ పోల్చి, మబ్బు ఎటు ఎంత వేగంగా పోతోందో చెబుతుంది. మూర్తిగారు ఏళ్ల తరబడి కష్టపడి పట్టుకున్న విద్యను అది విసుగూ పొడుమూ లేకుండా చేసేస్తుంది.

ఒక సీజనంతా మనిషి చెప్పిందీ యంత్రం చెప్పిందీ పోల్చి చూడాలి. అదీ ఏర్పాటు. మూర్తిగారు దానికి డబ్బా అని పేరు పెట్టారు.

"దానికి నీలం, తెలుపు తేడా ఎలా తెలుస్తుందమ్మాయ్?" అని అడిగారు మొదటిరోజే.

"శుభ్రమైన ఆకాశంలో ఎరుపు కంటే నీలం వెలుగు బాగా ఎక్కువుంటుంది సర్. మబ్బులో రెండూ దాదాపు సమానం. ఆ తేడా చూసి పట్టుకుంటుంది" అంది సుజాత.

"అంటే రంగులు చూసి మోసపోయే రకమన్నమాట" అని తుమ్మారాయన. ఆ అమ్మాయి నవ్వేసింది. మంచి పిల్ల. ఆయన కోపానికి మొదటివారంలోనే అలవాటు పడింది, నాకు పట్టినంత కాలం పట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు మూర్తిగారు థర్మామీటర్లు చదవడం నాకు వదిలేశారు. "నువ్వు చదువు, నేను రాస్తా" అనేవారు. పేపరు తెచ్చుకుని హెడ్డింగులు చూసి మడిచేసేవారు. ఎండలోకి వస్తే కళ్లు చిట్లించుకునేవారు. వయసేలే అనుకున్నాను. ఆయన మాత్రం లోలోపల భయపడుతూనే ఉన్నారని తర్వాత ఆయనే చెప్పారు. మబ్బులు చూసేవాడికి కన్ను పోతే ఇంక మిగిలేదేమిటి? డాక్టరు దగ్గరికెళితే ఆ మాట ఖాయమైపోతుందని వెళ్లలేదు.

మొదట్లో ఆయన మాటకూ డబ్బా మాటకూ పొంతన ఉండేది కాదు. ఆకాశం శుభ్రంగా ఉందని డబ్బా అంటే ఈయన పల్చటి తెర ఉందనేవారు. సుజాత తలపట్టుకునేది. కోతలు ముగిసి, చుట్టుపక్కల కల్లాలన్నీ నిండాక పరిస్థితి మారింది. డబ్బా కూడా తెర ఉందనడం మొదలుపెట్టింది. ఈయన అయిదు వంతులంటే అదీ అయిదంది. ఈయన ఆరంటే అదీ ఆరే. సుజాత సంతోషానికి హద్దు లేదు. మూర్తిగారి ముఖం వికసించింది. "డబ్బాకు బుద్ధొచ్చిందిరా" అని నా వీపు తట్టారు. ఆ రోజుల్లో ఆయన తిట్టడం కూడా తగ్గించారు.

నిలబడ్డ మబ్బు

ఆ ఏడు కోటేశ్వరమ్మకు పత్తి దక్కలేదు. పురుగు తినేసింది. కల్లంలో ఉన్న మిరపే ఆవిడకు ఏడాది బతుకు. కాయ సగం ఆరి ఉంది. ఒక పొద్దున ఎప్పటిలాగే కంచె దగ్గరికొచ్చింది.

"సారూ! ఎట్టా ఉందండీ పైన?"

మూర్తిగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. లోపలికెళ్లి డబ్బా ఏమంటోందో కనుక్కున్నారు. బయటికొచ్చి, "పాలతెర గట్టిగా పట్టిందమ్మా. కప్పేయ్" అన్నారు.

ఆవిడ తలెత్తి చూసింది. నేనూ చూశాను. ఏప్రిల్ ఎండ, ఆకాశం కాస్త వెలిసిన నీలం. నాకు తెర కనపడలేదు. కానీ అప్పటి కుంభవృష్టికి ముందురోజున కూడా నాకు కనపడలేదు కదా! కోటేశ్వరమ్మా అదే అనుకుని ఉంటుంది. మారు మాటాడకుండా వెళ్లి కూలీల చేత కుప్పలు పోయించి, పరదాలు కప్పించి, అంచుల మీద రాళ్లు పెట్టించింది.

వాన రాలేదు. ఎండ మండిపోయింది. మర్నాడూ అంతే. మర్నాడు కూడా మూర్తిగారు తెర ఉందన్నారు, డబ్బా ఉందంది. కోటేశ్వరమ్మ కల్లం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒకసారి పరదా కింద చెయ్యి పెట్టి చూసి, "సారూ, లోపల ఆవిరి పుడతందండీ. ఇంకెంతసేపండీ?" అని అరిచింది. ఆ గొంతులో భయం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

నేను లోపలికెళ్లాను. సుజాత కంప్యూటరు మీద ఆకాశం బొమ్మ చూపించింది. మబ్బున్నచోట తెలుపు, లేనిచోట నీలం పూసి చూపిస్తుందది. దాదాపు అంతా తెలుపే. పక్కన మబ్బు నడక చూపే గడి ఉంది. అందులో సున్నా. ముందు రోజుది చూశాం. అదీ సున్నాయే.

బయటికొచ్చేసరికి మూర్తిగారు నల్లద్దం మీదికి వంగి ఉన్నారు.

"సార్, ఎటు నడుస్తోంది?" అన్నాను.

"ఏది?"

"తెర సార్."

"ఎటూ నడవటం లేదు. నిలబడి ఉంది" అన్నారు విసుగ్గా. అని, ఆగిపోయారు. తల ఎత్తలేదు. ఆయన చెప్పిన మాట ఆయనకే చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరం కూడా లేకపోయింది.

తుడిచాక

కెమెరా చుట్టూ ఇనపకంచె వేసి "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టారు. ఖరీదైన అద్దం, గీత పడుతుందని వాచ్‌మన్ మమ్మల్ని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ రోజు నేను ఆ కంచె తలుపు తీసుకుని లోపలికెళ్లి అద్దం మీద వేలితో రుద్దాను. వేలు ఎర్రబడింది. వాసన చూశాను. బుద్ధి తక్కువ పని, వరసగా తుమ్ములు. ఆ తుమ్ముల్లో కన్ను నలుపుకోవడం ఇంకా బుద్ధి తక్కువ పని.

విషయం ఏమిటంటే గాలి వచ్చే వైపు కల్లాల్లో కాయ తొక్కి బస్తాలకెత్తుతున్నారు. మేమంతా దగ్గుతూనే ఉన్నాం. ఆ కారపు దుమ్ము పొద్దుటి మంచుతడికి అద్దానికి అతుక్కుని, ఎండకు ఆరి, పల్చటి పొర కట్టింది. ఎరుపు పొర. పాపం డబ్బా, నీలంలో ఎరుపు కలిసేసరికి మబ్బనుకుంది. హైదరాబాదులో దాన్ని తయారుచేసిన వాళ్లకు మిరప కల్లం సంగతి తెలిసే దారేముంది?

సుజాత పరిగెత్తుకొచ్చి తన చున్నీ తడిపి తుడవడం మొదలుపెట్టింది. మూర్తిగారు లోపల కంప్యూటరు ముందు నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇటు ఆ అమ్మాయి తుడుస్తుంటే అటు బొమ్మలో తెలుపు ముక్క ముక్కగా పోయి నీలం వస్తోంది. చివరికి అంతా నీలమైపోయింది.

ఆయన బయటికొచ్చారు. ఆకాశం కేసి చూశారు. కుడికన్ను మూసి చూశారు. తర్వాత ఎడమకన్ను మూసి చూశారు.

"అమ్మాయ్, నీ డబ్బా ఇప్పుడేమంటోంది?"

"మబ్బు లేదంటోంది సర్."

"ప్రసాదూ, నువ్వేమంటావు?"

"లేదండి."

"నాకింకా ఉంది" అన్నారాయన.

నాకు దుఃఖం వచ్చింది. జిల్లాలో అంత మంచి కన్ను ఇంకొకటి లేదు, ఆ కన్ను మా ముందే పోయింది. ఇంకొకరైతే యంత్రం పాడైందని చెప్పి తప్పించుకునేవాడు. తప్పు దాని మీదికి తోసేయడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. తుడిచి ఎర్రబడ్డ చున్నీ సాక్ష్యం కూడా ఉంది. మూర్తిగారు తిన్నగా కంచె దగ్గరికి నడిచి గట్టిగా పిలిచారు.

"కోటేశ్వరమ్మా! పరదాలు తీసేయించమ్మా. తెర ఆకాశంలో లేదు, నా కంట్లో ఉంది."

ఆవిడ కూలీల వైపు తిరిగి, "ఏమేవ్, చూత్తారేంటే, లాగండే పరదాలు! ముందు కాయ సంగతి చూడండి!" అని అరిచింది. పరదాలు లాగగానే ఆవిరి పైకి లేచింది. అందరం దూకాం. సుజాత, నేను, మూర్తిగారు, వాచ్‌మన్ కూడా. కాయను చేతుల్తో పలచగా నెరిపాం. కుప్పల అడుగున కొంత తెల్లబడింది. ఇంకో పూట అలాగే ఉంటే ఏమీ మిగిలేది కాదు. మిగిలింది దక్కింది.

పని అయ్యాక ఆవిడ మూర్తిగారి ముందుకొచ్చి నిలబడింది. "రెండు రోజులు ఉడకబెట్టించారు గదయ్యా నా కాయని."

"తప్పు నాదేనమ్మా" అన్నారాయన. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"తప్పు సంగతి నాకెందుకండీ? ముందెళ్లి కళ్లు చూపిచ్చుకోండి. మీరు చూడకపోతే వచ్చే ఏడు నేనెవర్ని అడగాల? ఆ డబ్బానా?"

"డబ్బాను చెడగొట్టింది కూడా మీ కాయల దుమ్మేనండీ" అంది సుజాత, కళ్లు తుడుచుకుంటూ. అది కారమో ఏడుపో తెలియదు.

"బాగుంది. నా కారం నా కళ్లలోనే కొట్టిందన్నమాట" అని కోటేశ్వరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఆ పరిస్థితిలో నవ్విన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మూర్తిగారు మాత్రం నవ్వలేదు.

మీకు చెప్పదల్చింది

సుజాత అప్పటిదాకా రాసుకున్న రిపోర్టు పక్కన పడేసింది. మనిషీ యంత్రమూ ఇంత చక్కగా ఏకీభవించిన చోటు దేశంలో ఇంకెక్కడా లేదని రాసిందట అందులో. ఏకీభవించిన మాట నిజమే. ఇద్దరి కళ్లకూ పొర కట్టింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. రెండు లెక్కలు కలిశాయని మురిసిపోకండి. ఎందుకు కలిశాయో చూడండి. నడక లేని మబ్బును అనుమానించండి. పొద్దున్నే వచ్చి ముందు అద్దం తుడవండి. యంత్రాన్ని తిట్టే ముసలివాళ్లనూ, ముసలివాళ్లను తిట్టే కుర్రాళ్లనూ ఇద్దర్నీ చూశాను, ఇద్దరూ తుడిచే గుడ్డ ఎక్కడుందో తెలియనివాళ్లే. ఇప్పుడు యంత్రాలు చాలా మెరుగయ్యాయి, మంచిదే. మా నల్లద్దం స్టోరు గదిలో ఎక్కడుందో కూడా తెలియదు. ఒక్కోసారి దాని మీద వంగి మబ్బు నీడ కోసం ఎదురుచూసిన ఆ మధ్యాహ్నాలు గుర్తొస్తే మాత్రం ప్రాణం లాగేస్తుంది.

మూర్తిగారికి ఒంగోలులో శుక్లం ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి, నల్లకళ్లద్దాలు పెట్టి, ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. వింటే ఆయన మూర్తిగారెందుకవుతారు! ఆటో ఎక్కి ఆఫీసుకొచ్చేశారు. కంచె అవతల కల్లం ఖాళీగా ఉంది, కోటేశ్వరమ్మ గట్టు మీద కూర్చుని పరదాలు మడతపెడుతోంది. ఈయన్ని చూడగానే పరదా వదిలేసి లేచి నిలబడింది. ఆ పొద్దున మాత్రం ఏమీ అడగలేదు.

ఆయన మైదానం మధ్యలోకి నడిచి నల్లకళ్లద్దాలు తీశారు. తల పైకెత్తారు.

"ఒరేయ్ ప్రసాదూ, ఇంత నీలంగా ఉందట్రా?"

"ఎప్పుడూ ఇంతేనండి."

"మరి చెప్పవేంట్రా వెధవా!" అన్నారు. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. నీళ్లు తగలకూడదని డాక్టరు చెప్పారని గుర్తుచేశాను. ఆయన వినిపించుకోలేదు. అంచుల దాకా, దర్శి వైపు, సముద్రం వైపు, నల్లమల వైపు, ఒక్కో వంతూ వరసగా చూసుకుంటూ మొత్తం ఆకాశం తిరిగొచ్చారు.

"సుజాతా, అద్దం తుడిచావా?"

"తుడిచాను సర్. లేదంటోంది."

"ప్రసాదూ, నీకు?"

"లేదండి."

"నాకూ లేదు" అన్నారు మూర్తిగారు. "ఎనిమిదింట సున్నా. రాసుకో."